రాతి మొక్కలు, ఐస్ ప్లాంట్లు: మండుటెండకు నిలిచినవి ముసురుకు ఎందుకు కుళ్ళిపోతున్నాయి?

హన్మకొండ మిద్దె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హన్మకొండలో మా ఇంటి మిద్దె మీద కూరగాయలూ పూల మొక్కలూ పెంచుతున్నాము. నిరుడు చలికాలంలో గులకరాళ్ళను పోలి ఉండే లిథాప్స్ మొక్కలు కొన్ని, చీలిన బండలా కనిపించే ప్లియోస్పిలోస్ ఒకటి, గులాబి రంగు పూలు పూసే డెలోస్పెర్మా అనే ఐస్ ప్లాంటు ఒక కుండీ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఇవి ఎడారి మొక్కలనీ, నీళ్ళు మరిచిపోయినా బతుకుతాయనీ, ఎంత ఎండనైనా తట్టుకుంటాయనీ అమ్మినవారు చెప్పారు.

ఆ మాట సగం నిజమే అయింది. ఏప్రిల్, మే నెలల్లో 44 డిగ్రీల ఎండలోనూ వడగాడ్పులోనూ లిథాప్స్ పక్కలకు ముడతలు పడ్డాయే తప్ప ఒక్కటీ చావలేదు. మృగశిర కార్తె వచ్చి, వానలు పడి, ఇక గండం గడిచిందనుకున్న తరువాతే అసలు నష్టం మొదలైంది. జూలై ముసురులో సాయంత్రం గట్టిగా కనిపించిన మొక్క తెల్లవారేసరికి వేలు తగిలితే చాలు నీరు కారే జిగురు ముద్దగా మారింది. డెలోస్పెర్మా కుండీ నడిమధ్యన నల్లబడి, అంచున వేలాడే కొమ్మలు కొన్ని మాత్రమే మిగిలాయి. ప్రస్తుతం ఒక లిథాప్స్, ప్లియోస్పిలోస్ మిగిలి ఉన్నాయి. అవి వచ్చినప్పటి ప్లాస్టిక్ కుండీలలోనే, వచ్చినప్పటి కొబ్బరి పొట్టు మట్టిలోనే ఉన్నాయి.

నా సందేహాలు ఇవి. కరువును తట్టుకునే మొక్క మన ఎండాకాలాన్ని దాటి వానాకాలంలో ఎందుకు పోతున్నది? మన దగ్గర దొరికే ఇసుక, మొరం వంటి వాటితోనే వీటికి మట్టి కలుపుకోవచ్చునా? లిథాప్స్ లెస్లీ అనే రకం స్వస్థలంలో వేసవి వానలకే పెరుగుతుందని చదివాను. అటువంటి రకానికి మన వానాకాలంలో నీళ్ళు పోయవచ్చునా? ఐస్ ప్లాంట్లలో ఉత్తర తెలంగాణకు సరిపోయేవి ఏమైనా ఉన్నాయా?

కాజీపేట వృక్షశాస్త్రం

హన్మకొండ మిద్దె గారూ, మీ మొదటి సందేహానికి సరిగ్గా జవాబు దొరికితే తక్కినవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి కనుక, దానినే కొంచెం వివరంగా చెబుతాను.

మీరు చెప్పిన మొక్కలన్నీ ఐజోయేసీ అనే ఒకే కుటుంబానికి చెందినవి. వీటి పుట్టిల్లు ప్రధానంగా దక్షిణాఫ్రికా, నమీబియా. లిథాప్స్‌ను మొట్టమొదట నమోదు చేసిన విలియం బర్చెల్ అనే ఆంగ్లేయ యాత్రికుడు 1811లో దక్షిణాఫ్రికాలోని ప్రీస్కా ప్రాంతంలో నేల మీది వింత రాయి అనుకుని చేతిలోకి తీసుకుంటే అది మొక్క అయింది. లిథాప్స్ అనే ప్రజాతిని ఎన్. ఇ. బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఏర్పరచింది మాత్రం ఆ తరువాత నూరేళ్ళు దాటాక, 1922లో. ఆ మొక్కల స్వస్థలాలలో చాలాచోట్ల ఏడాది వర్షపాతం 500 మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది. నమీబియా సముద్రతీరం వైపున అయితే 100 మిల్లీమీటర్లు కూడా పడదు, అక్కడి మొక్కకు పొగమంచే ఆధారం. మన వరంగల్‌లో సుమారు 1,000 మిల్లీమీటర్లు పడుతుంది, అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. 2023 జూలైలో మన పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైన సంగతి ఈ ప్రాంతం వారెవరూ మరిచిపోలేదు. చాలా లిథాప్స్ జాతులకు ఏడాది మొత్తం మీద దొరకని నీరు అది.

అయితే వాన ఒక్కటే కారణమని అనుకుంటే పొరపాటు. పైన రేకు వేసి, చుక్క నీరు తగలకుండా పెట్టినా జూలై, ఆగస్టు నెలల్లో ఇవి నీరసించడం చాలామంది చూసే ఉంటారు. దానికి కారణం రాత్రి వేడి. మామూలు మొక్కలు పగటి పూట ఆకుల మీది పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడును తీసుకుంటాయి. ఈ రసభరితమైన మొక్కలు పగలు ఆ రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడిన తరువాత తెరిచి, తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకు కణాలలో దాచుకుని, మరునాడు ఎండ వచ్చాక దానితో ఆహారం తయారు చేసుకుంటాయి. నీరు ఆవిరై పోకుండా ఉండడానికి ఇంతకు మించిన ఏర్పాటు లేదు, కాని దానికి చల్లని రాత్రి కావాలి. దక్షిణాఫ్రికా పీఠభూమిలో కింబర్లీ పట్టణం సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున, జొహన్నెస్‌బర్గ్ 1,700 మీటర్ల పైన ఉన్నాయి. అక్కడ పగలు ఎండ ఎంత ఉన్నా చీకటి పడితే గాలి చల్లబడుతుంది. మన దగ్గర మే నెలలో రాత్రి కూడా 28, 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వానాకాలంలో 25 చుట్టూ ఉన్నా గాలిలో తేమ దట్టంగా ఉంటుంది. ఆ స్థితిలో మొక్క ఆహారం తయారు చేసుకోలేక, ఉన్న నిల్వను ఖర్చు పెట్టుకుంటూ, దాదాపుగా నిద్రలో ఉంటుంది. నిద్రలో ఉన్న మొక్క వేరు నీటిని తాగదు. తాగని నీరు వేరు చుట్టూ వెచ్చగా నిలిస్తే పితియం, ఫ్యుజేరియం వంటి కుళ్ళు తెచ్చే సూక్ష్మజీవులకు అది పండుగ. మీ మొక్క ఒక్క రాత్రిలో కుళ్ళినట్లు కనిపించినా, వేరు కుళ్ళడం అంతకు కొన్ని రోజుల ముందే మొదలై ఉంటుంది.

కనుక ఎండాకాలం మీ మొక్కలను చంపలేదన్నది నిజమే కాని, మే నెల చివరికి వాటి శక్తి సగం పోయింది. అలా నీరసించిన మొక్క మీద వాన పడింది. కరువును ఓర్చుకోవడం వేరు, వేడిని ఓర్చుకోవడం వేరు, ఉక్కను ఓర్చుకోవడం మరీ వేరు. అమ్మేవారు ఈ మూడింటినీ ఒకే గాట కడుతున్నారు.

ఇదే కుటుంబానికి చెందిన మొక్క ఒకటి మన పత్తి చేన్లలోనూ రోడ్ల పక్కనా వానాకాలంలో విచ్చలవిడిగా మొలుస్తుంది. అది తెల్ల గలిజేరు. దానికి ఆహారం తయారు చేసుకునే పద్ధతి పూర్తిగా వేరు. మొక్కజొన్న, జొన్న, చెరకు అనుసరించే మార్గాన్నే అదీ అనుసరిస్తుంది. అందుకే వేడి, తేమ రెండూ ఉన్న జూలై దానికి మంచి అదను. కుటుంబం పేరు చూసి మొక్క స్వభావాన్ని ఊహించలేమని మా విద్యార్థులకు చూపడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ లెక్కన మనం చేయవలసింది ఒక్కటే. మన చలికాలాన్ని వాటి పెరుగుదల కాలంగా, మన ఎండ వానలు రెండింటినీ వాటి విశ్రాంతి కాలంగా పరిగణించి, ఏడాది పంచాంగాన్నే తిరగవేసుకోవాలి. దసరా తరువాత రాత్రులు చల్లబడుతున్నాయని మనకు తెలిసినప్పుడు నీళ్ళు మొదలుపెట్టాలి, శివరాత్రి దాటాక తగ్గించాలి. నడుమ లిథాప్స్ పాత ఆకులు ఎండి కొత్తవి వచ్చే సమయంలో మాత్రం నీళ్ళు ఆపాలి.

కరీంనగర్ కుండీలు

పై వివరణ చాలా బాగుంది. మట్టి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మా ఊరి చుట్టూ ఉన్నవన్నీ గ్రానైటు క్వారీలే, ఈ మొక్కలకు కావలసిన సరుకు మాకు అడుగడుగునా దొరుకుతుంది.

ముందుగా, మీ దగ్గర మిగిలిన రెండు మొక్కలను కొబ్బరి పొట్టులో నుంచి తప్పించే ఆలోచన చేయండి. కొబ్బరి పొట్టు తడిస్తే వారం రోజులు ఆరదు. ఈ గుణం లిథాప్స్‌కు హానికరం. నర్సరీల వారికి అది తేలికగా ఉంటుంది, రవాణా ఖర్చు కలిసి వస్తుంది కనుక వాడతారు, వారిని తప్పు పట్టనవసరం లేదు. కాని ఇంటికి వచ్చిన మొక్కను అందులోనే ఉంచవద్దు.

క్రషర్ దగ్గర గాని, ఇల్లు కడుతున్న చోట గాని రోబో ఇసుక దొరుకుతుంది. దానిని ఇంట్లో పిండి జల్లించే జల్లెడతో జల్లించి, కిందికి దిగిన సన్న పొడి మొత్తం పారవేయండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, దుమ్ము లేస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోక తప్పదు, కాని అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ సన్న పొడి మిగిలిపోతే ప్రతిసారి నీళ్ళతో పాటు కిందికి దిగి, కుండీ అడుగున పేరుకుని సిమెంటు పలకలా బిగుసుకుంటుంది. పైన చూస్తే పొడిగా ఉన్నట్లే ఉంటుంది, అడుగున బురద ఉంటుంది. జల్లెడలో మిగిలినదాన్ని బకెట్లో వేసి, పైకి తేలే నీరు తేటపడేవరకు కడిగి ఆరబెట్టండి. జొన్న గింజ నుంచి శనగ గింజ వరకు ఉండే పరిమాణం సరిపోతుంది. ఇది మూడు పాళ్ళు, పగలగొట్టి జల్లించిన ఎర్ర ఇటుక ముక్కలు ఒక పాలు, చెల్క మట్టి గాని బాగా మాగిన పాత కంపోస్టు గాని ఒక పాలు కలిపితే చాలు. మొరం వాడవచ్చునా అని అడిగారు. వాడవచ్చు, అయితే మన మొరంలో బంకమన్ను పాలు ఎక్కువ కనుక దాన్ని కూడా కడిగి తీరాలి. నల్లరేగడి మాత్రం పిడికెడు కూడా వద్దు. వాగు ఇసుక సన్నగా ఉంటే ఈ పనికి రాదు.

కుండీ మట్టిదై ఉంటే మేలు. లిథాప్స్ పైకి రూపాయి బిళ్ళంత కనిపించినా కింద వేరు పొడుగ్గా దిగుతుంది, కనుక వెడల్పు కన్నా లోతు చూసుకోండి. జానెడులో సగానికి తక్కువ లోతు ఉన్న పళ్ళాలు, పింగాణీ కప్పులు చూడడానికి ముచ్చటగా ఉంటాయి గాని మొక్కకు పనికిరావు. నాటిన తరువాత మెడ చుట్టూ చిన్న కంకర పరిస్తే తడి మట్టి ఆకుకు తగలకుండా ఉంటుంది. ఎరువు జోలికి వెళ్ళవద్దు. మిద్దె తోటలో టమాటాకు పోసే జీవామృతం పొరపాటున కూడా వీటికి పోయకండి, ఆకులు ఉబ్బి పగులుతాయి.

నీళ్ళ విషయంలో మాత్రం పై మిత్రులతో కొంచెం విభేదిస్తున్నాను. నా దగ్గర లిథాప్స్ లెస్లీ, లిథాప్స్ ఆకాంపియే రెండూ తూర్పు వరండాలో ఉన్నాయి. వానాకాలంలో వాటిని పూర్తిగా ఎండబెట్టను. కుండీని పళ్ళెంలో పెట్టి కిందినుంచి కొద్దిగా తడి అందిస్తాను, అవి బాగానే ఉన్నాయి. ఈ రెండు రకాలూ వేసవి వానలు పడే ప్రాంతాలవే కనుక మన కాలానికి దగ్గరగా ఉంటాయని నా అభిప్రాయం. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ రెండింటితోనే మొదలుపెట్టాలి. ఇదే కుటుంబానికి చెందిన కోనోఫైటం మొక్కల జోలికి పోవద్దు, అవి చలికాలపు వానల ప్రాంతం మొక్కలు, మన వానాకాలంలో నిలబెట్టడం బహు కష్టం.

కాజీపేట వృక్షశాస్త్రం

కరీంనగర్ కుండీలు గారూ, మీ అనుభవాన్ని కాదనను. లెస్లీ, ఆకాంపియే తక్కినవాటికన్నా గట్టివన్న మాట వాస్తవమే. ఐతే "వేసవి వాన" అన్న మాట ఒకటే అయినా అక్కడి వేసవి వానకూ మన వేసవి తరువాతి వానకూ తేడా ఉంది. అక్కడ మధ్యాహ్నం ఉరుముల వాన కురిసి, గంటలో ఆకాశం తేటపడి, రాతి నేల మరునాటికి ఆరిపోతుంది, రాత్రి చల్లగా ఉంటుంది. మన ముసురు పట్టిందంటే మూడు నాలుగు రోజులు సూర్యుడు కనిపించడు. మీ వరండాకు తూర్పు గాలి, పొద్దుటి ఎండ, కడిగిన రాతి మట్టి, మట్టి కుండీ ఈ నాలుగూ ఉన్నందువల్ల ఆ కాస్త తడి ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతున్నది. అదే పళ్ళెంలో ప్లాస్టిక్ కుండీ, కొబ్బరి పొట్టు పెట్టి చూస్తే ఫలితం వేరుగా ఉంటుంది. ప్రశ్న అడిగినవారు ఇప్పుడే మొదలుపెట్టినవారు కనుక, ముసురు రోజుల్లో చుక్క నీరు పోయవద్దనే నా సలహా. ముసురు లేని వారంలో పక్కలకు ముడతలు లోతుగా కనిపిస్తే సాయంత్రం పూట కుండీ అంచు వెంబడి రెండు మూడు చెంచాలు పోస్తే చాలు.

ముడతల గురించి ఒక మాట. లిథాప్స్ పై భాగం కిటికీ లాంటిది. ఆ మచ్చల గుండా వెలుతురు లోపలికి దిగి, నేలలో ఉన్న ఆకు లోపలి గోడల మీది పత్రహరితానికి చేరుతుంది. పక్క గోడల మీద అడ్డంగా గీతలు పడితే దాహం. పై భాగం గుంట పడి మెత్తబడితే, మట్టి తడిగా కూడా ఉంటే, అది దాహం కాదు, వేరు పోయిందని అర్థం. ఈ రెండింటినీ కలిపి చూసుకోకపోతే కుళ్ళుతున్న మొక్కకే మళ్ళీ నీళ్ళు పోస్తాము.

నిర్మల్ పూలతోట

ఐస్ ప్లాంట్ల గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను.

మీరు పెంచిన డెలోస్పెర్మా కూపరై దక్షిణాఫ్రికాలోని ఎత్తైన గడ్డి నేలల మొక్క. మంచు పడే దేశాలలో ఆరుబయట గట్టు మీద నాటి వదిలేస్తారు, అంత చలిని ఓర్చుకుంటుంది. మనకు ఆ గుణంతో పని లేదు. ఇక్కడ దీన్ని శాశ్వత మొక్క అనుకుంటే నిరాశే మిగులుతుంది. అంచున మిగిలాయన్న కొమ్మలను ఇప్పుడే వేలెడు ముక్కలుగా తుంచి, ఒక రోజు నీడలో ఆరనిచ్చి, రోబో ఇసుకలో గుచ్చి వాన తగలని చోట పెట్టండి. వేరు పట్టినవాటిని చలికాలానికి కొత్త కుండీలోకి మార్చుకోవచ్చు. ప్రతి వానాకాలానికి ముందు ఇలా కొన్ని కొమ్మలు దాచుకోవడం తప్ప నేను వేరే దారి కనుక్కోలేదు.

నిజంగా ఐస్ ప్లాంటు పూల అందం మిద్దె మీద చూడాలంటే ఏకవార్షిక రకాన్ని ఎంచుకోండి. లివింగ్‌స్టన్ డైసీ అనే పేరుతో చలికాలపు పూల విత్తనాలతో పాటు అమ్ముతారు. తెలుపు, పసుపు, నారింజ, గులాబి రంగులు ఒకే పొట్లంలో కలిసి వస్తాయి. దసరాకూ దీపావళికీ మధ్య నారు పోసి, నాలుగు ఆకులు వచ్చాక కుండీలకు మార్చితే జనవరి చివర నుంచి మార్చి వరకు పూస్తాయి. దీని ఆకుల మీదా కాండం మీదా చిన్న చిన్న నీటి బుడగలు ఉంటాయి. పొద్దున ఏటవాలు ఎండలో భూతద్దం పెట్టి చూడండి, ప్రతి బుడగా విడివిడిగా మెరుస్తుంది. అవి పైపొరలోని ఉబ్బిన కణాలు, వాటిలోనే మొక్క నీరు నిల్వ చేసుకుంటుంది. పువ్వు ఎండ ఉంటేనే విచ్చుతుంది. మబ్బు పట్టిన రోజున ఇంటికి వచ్చిన చుట్టాలకు చూపిద్దామనుకుంటే ముడుచుకునే ఉంటుంది, దానికి మనం చేసేది ఏమీ లేదు. ఏప్రిల్ ఎండకు మొక్క పోతుంది. పోవడం దాని జీవితచక్రం కనుక బాధపడనవసరం లేదు.

మా ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగుతాయి కనుక మాకు ఇవి మీకన్నా కొంచెం ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఇదే కుటుంబపు మొక్క కావాలంటే బేబీ సన్ రోజ్ ఉంది. దీన్ని పాత పుస్తకాల్లో ఆప్టీనియా అంటారు. గుండె ఆకారపు దళసరి ఆకులు, చిన్న ఎర్ర గులాబి పూలు, వేలాడే కుండీకి బాగుంటుంది. ఎండాకాలంలో మధ్యాహ్నపు ఎండ తప్పించి, నీరు నిలవకుండా చూసుకుంటే మన వానాకాలాన్ని కూడా దాటుతుంది. నా దృష్టిలో లిథాప్స్ కొనేముందు ప్రతివారూ ఒక ఏడాది దీన్ని పెంచి, తమ చేతి నీళ్ళు ఎంత ధారాళమో తెలుసుకోవాలి.

ఆన్‌లైన్ విత్తనాల గురించి కూడా హెచ్చరించాలి. నీలం రంగు లిథాప్స్, ఇంద్రధనుస్సు రంగుల లిథాప్స్ అని బొమ్మలు పెట్టి విత్తనాలు అమ్ముతున్నారు. బూడిద, గోధుమ, తుప్పు, ఆకుపచ్చ, అరుదుగా ఊదా ఎరుపు రంగుల్లో లిథాప్స్ ఉన్నాయి గాని నీలం రంగులో లేవు. నాకు ఒకచోట నుంచి వచ్చిన పొట్లంలో నువ్వు గింజలంత విత్తనాలు ఉన్నాయి. లిథాప్స్ విత్తనం దాదాపు ధూళి అంత ఉంటుంది, అరచేతిలో పోసుకుంటే ఊపిరికి ఎగిరిపోతుంది. నువ్వు గింజంత ఉంటే అది మరేదో మొక్క. విదేశాల నుంచి నేరుగా తపాలాలో తెప్పించుకోవడం కూడా వద్దు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం తెప్పించుకోకూడదు. పైగా దక్షిణాఫ్రికాలో కోనోఫైటం వంటి వాటిని కొండల మీద నుంచి పెరికి దొంగచాటుగా అమ్మేవారు ఈ మధ్య చాలా పెరిగారు. మొక్క ఎక్కడిదో చెప్పలేని వారి దగ్గర కొనకపోవడమే మేలు.

హన్మకొండ మిద్దె

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. ఇంకో రెండు విషయాలు అడగనివ్వండి. మొదటిది, పాత ఆకులు ఎండి కొత్త ఆకులు వస్తాయంటారు కదా, ఆ సమయంలో నీళ్ళు ఎందుకు ఆపాలి? రెండవది, మా వీధిలో కోతుల బెడద తీవ్రంగా ఉంది; ఎండాకాలంలో ఉడుతలు, పిట్టలు కూడా మెత్తని ఆకులను కొరుకుతున్నాయి. దీనికి ఏం చేస్తున్నారు?

కాజీపేట వృక్షశాస్త్రం

ఆకుల మార్పిడి ఈ మొక్క జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం, చూడడానికి కూడా అదే బాగుంటుంది. మన దగ్గర కార్తీకం చుట్టుపక్కల పువ్వు పూసి వాడిన తరువాత, డిసెంబరు చివర నుంచి రెండు ఆకుల నడుమ ఉన్న చీలిక మెల్లగా తెరుచుకుంటుంది. తొంగి చూస్తే లోపల కొత్త ఆకుల జత కనిపిస్తుంది. దాని చీలిక పాత చీలికకు అడ్డంగా ఉంటుంది. కొత్త జతకు కావలసిన నీరు, పోషకాలు బయటి నుంచి రావు, పాత ఆకులు తమలో ఉన్నదంతా దానికి ధారపోసి, చివరికి ఉల్లిపొరలా ఎండిపోతాయి. ఆ సమయంలో మనం నీళ్ళు పోస్తే పాత ఆకులు ఎండవు, మళ్ళీ ఉబ్బుతాయి. అప్పుడు ఒకదాని మీద ఒకటిగా రెండు జతలు నిలిచి, లోపలిది ఇరుక్కుని, వంకర తిరుగుతుంది. కనుక పాత ఆకులు కాగితంలా ఎండేవరకు, అది ఫిబ్రవరి అయినా మార్చి అయినా, పోయకండి. ఆ ఎండిన పొరను చేత్తో లాగి తీయవద్దు, అదే రాలుతుంది.

ప్లియోస్పిలోస్‌కు కూడా ఇదే నియమం కొద్ది మార్పుతో వర్తిస్తుంది. దానికి మామూలుగా రెండు జతలు ఉంటాయి. మూడు జతలు కనిపిస్తే నీళ్ళు ఎక్కువయ్యాయని గుర్తు.

విత్తనాల ప్రస్తావన వచ్చింది కనుక ఇదీ చెబుతాను. లిథాప్స్ మొక్కలు సాధారణంగా సొంత పుప్పొడితో విత్తనం కట్టవు, ఒకే కాలంలో పూసే రెండు వేరు వేరు మొక్కలు కావాలి. కాయ ఎండితే గట్టిగా మూసుకుంటుంది. ఆ ఎండిన కాయను పళ్ళెంలో పెట్టి ఒక చుక్క నీరు వేయండి. చూస్తుండగానే కొద్ది నిమిషాల్లో దాని మూతలు చిన్న నక్షత్రంలా వెనక్కి విచ్చుకుంటాయి. ఆరితే మళ్ళీ మూసుకుంటాయి. ఎడారిలో వాన చినుకు తాకిడికే విత్తనం చిమ్ముకుని వెంటనే మొలవడానికి అది ఏర్పాటు. మా ఇంటికి వచ్చే పిల్లలు ఈ ఒక్క కాయతో గంటసేపు ఆడుకుంటారు. విత్తడం మాత్రం దీపావళి తరువాత, రాత్రులు 20 డిగ్రీలకు దిగాక మొదలుపెట్టాలి; విత్తనం మీద మట్టి కప్పకూడదు. పువ్వు చూడడానికి కనీసం మూడేళ్ళు ఓపిక పట్టాలి.

కరీంనగర్ కుండీలు

కోతుల సంగతి మాకూ ఉన్నదే. కోతి వీటిని తినదు, పెరికి, వాసన చూసి, పారేసి పోతుంది. అలా పడిన మొక్కను ఆ రోజే తిరిగి నాటనవసరం లేదు, నీడలో రెండు మూడు రోజులు ఉన్నా ఏమీ కాదు. వేరుకు తగిలిన గాయం ఆరితేనే మంచిది. నేను పాత కిటికీ ఇనుప చట్రానికి కోళ్ళ జాలీ కొట్టించి, కుండీల మీద పెట్టెలా బోర్లించాను. పైన తెల్ల పాలికార్బొనేటు రేకు వేసి, నాలుగు పక్కలా జాలీ మాత్రమే ఉంచితే వాన ఆగుతుంది, గాలి ఆడుతుంది, కోతి చెయ్యి దూరదు, ఉడుత కూడా రాదు. పక్కలకు కూడా రేకు మూసేస్తే లోపల ఉక్క పోస్తుంది, ఆ పని చేయవద్దు. హోలీ నుంచి మృగశిర వరకు అదే చట్రం మీద 50 శాతం నీడ వల పరచండి. కుండీలను నేరుగా మిద్దె గచ్చు మీద పెట్టకండి. మే నెల మధ్యాహ్నం చెయ్యి ఆనించలేని ఆ గచ్చు మీద ప్లాస్టిక్ కుండీలో వేరు ఉడికిపోతుంది. ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్క పలక వేసి పెట్టండి.

పిండినల్లి కూడా చూసుకోవాలి. అది చీలికలోనూ, కనిపించకుండా వేరు మీదా చేరుతుంది. కొద్దిగా ఉంటే స్పిరిటులో ముంచిన దూది పుల్లతో తుడిస్తే సరిపోతుంది. వేప నూనె వాడితే ఎండ లేనప్పుడే వాడాలి, లేకపోతే పై భాగం మాడి మచ్చ పడుతుంది.

హన్మకొండ మిద్దె

చివరిగా ఒక్కటే. మిగిలిన లిథాప్స్, ప్లియోస్పిలోస్ ఇప్పుడే కొత్త మట్టిలోకి మార్చమంటారా, ఆగమంటారా? ఇప్పుడు ఆగస్టు చివర, రోజు విడిచి రోజు వాన పడుతున్నది.

కాజీపేట వృక్షశాస్త్రం

మట్టిని వేలితో లోతుగా తడిమి చూడండి. పొడిగా ఉంటే ఆ కుండీలను వాన తగలని, పొద్దుటి ఎండ వచ్చే కిటికీ దగ్గరికి చేర్చి, బతుకమ్మ పండుగ దాటేవరకు వదిలేయండి. లోపల ఇంకా తడి ఉంటే ఆగవద్దు. ఈ రోజే బయటికి తీసి, వేరుకు అంటిన కొబ్బరి పొట్టును దులిపి, నల్లబడిన వేళ్ళుంటే శుభ్రమైన బ్లేడుతో తెల్లని భాగం వచ్చేవరకు కోసి, కాగితం మీద నీడలో, ఫ్యాను గాలి తగిలేలా ఆరబెట్టండి. వారం పది రోజులు అలా ఉన్నా మొక్కకు ప్రమాదం లేదు. ఆరిన తరువాత కరీంనగర్ మిత్రులు చెప్పిన రాతి మిశ్రమంలో పొడిగానే నాటండి. మొదటి నీళ్ళు మాత్రం దసరా తరువాతే, అదీ సాయంత్రం కుండీ చల్లబడ్డాక, అడుగు రంధ్రం నుంచి కారేవరకు ఒకసారి పోసి, మళ్ళీ పూర్తిగా ఆరేవరకు ఆగండి.